పట్టీ లేని బొమ్మ

వరంగల్ మట్టెవాడలో దానియేలు టీవీ రిపేరు దుకాణానికి బోర్డు లేదు. అవసరం పడలేదు. ఎవరినడిగినా "నిండు బొమ్మ దానియేలు దుకాణమా?" అని చెయ్యి చూపించేవాళ్లు. ఈ బిరుదు ఆయనకు ఏ సభలోనూ రాలేదు, కేసముద్రంలో ఒక పెళ్లింట్లో వచ్చింది. దాని వెనుక ఒక సబ్బు ఉంది.

ఎనభై అయిదు నాటి మాట. అప్పట్లో ఊళ్లోకి వచ్చే వీడియో కాసెట్లకు ఒక చీడ పట్టింది. సినిమా నడుస్తుండగా తెర అడుగున ఒక పట్టీ పాకుతూ పోయేది. అందులో చీరల దుకాణాలు, అగరొత్తులు, బట్టల సబ్బులు. చూసేవాళ్లు తిట్టుకుంటూ చూసేవాళ్లు, పట్టీ మాత్రం ఎవరి తిట్లకూ ఆగేది కాదు. కేసముద్రంలో పెళ్లివాళ్లు దానియేలు టీవీని, వీడియోను అద్దెకు తెప్పించుకున్నారు, ఆడించడానికి ఆయనే వెళ్లాడు. సినిమాలో కథానాయిక తల్లి చనిపోయింది. ఆడవాళ్లంతా కొంగులు కళ్లకు అద్దుకుంటున్నారు. సరిగ్గా అప్పుడు శవం గుండెల మీదుగా "ఒక్క ఉతుకులో తళతళ" అని పట్టీ పాకింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. పెళ్లికొడుకు తాత మొగిలయ్య కర్ర నేలకేసి కొట్టి లేచాడు.

"ఏందయ్యా ఇది? పీనుగ మీద సబ్బు అమ్ముతాండ్రా? తీసెయ్ దాన్ని. తీయరాకుంటె నీ డబ్బానే తీసెయ్."

మరొకడైతే కాసెట్ తయారుచేసినవాణ్ణి నాలుగు తిట్టి చేతులు దులుపుకొనేవాడు. దానియేలుకు "రాదు", "కాదు" అనే రెండు మాటలకు నోరు తిరగదు. టీవీ వెనక మూత విప్పాడు. లోపల బొమ్మ ఎత్తును పెంచి తగ్గించే చిన్న మర ఒకటి ఉంటుంది. తయారుచేసినవాడు ఒకసారి సరిచేసి వదిలేశాక మళ్లీ ఎవరూ ముట్టనిది. దాన్ని టెస్టర్‌తో తిప్పాడు. బొమ్మ పైకీ కిందికీ సాగింది. సాగి సాగి, అడుగున ఉన్న పట్టీ అద్దం అంచు దాటి కిందికి జారిపోయింది. కథానాయకుడి మొహం సొరకాయలా పొడుగైంది. అయితేనేం, సబ్బు పోయింది.

"బొమ్మంటె గిది! ఎంత నిండుగున్నది" అన్నాడు మొగిలయ్య, మళ్లీ చాప మీద కూర్చుంటూ.

ఆ మాట దానియేలుకు తలకెక్కింది. అప్పటి నుంచి ఆయన చేతిలో పడిన ప్రతి టీవీ సాగింది. అడిగినవాళ్లదీ సాగింది, అడగనివాళ్లదీ సాగింది. అందరికన్నా ముందు ఆయన ఇంట్లోది సాగింది. స్విచ్చి పోయిందని తెచ్చిన డబ్బా కూడా స్విచ్చితో పాటు నిండు బొమ్మతో ఇంటికి వెళ్లేది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం మనిషి. "మొఖాలు జర పొడుగైనట్టున్నయి అన్నా" అని ఎవరైనా నసిగితే, "నువ్వు మరీ దగ్గరికెళ్లి చూస్తానవ్" అనేవాడు. దూరం జరిగినా పొడుగ్గానే ఉండేవి. కాని అప్పటికి ఆయన వేరే పనిలో పడేవాడు.

ఇంత పేరు సంపాదించినవాడికి ఇంట్లో ఒక లోటుండేది. ఆయన అక్క లిదియా ఆయన టీవీ ముందు కూర్చునేది కాదు.

లిదియా దానియేలు కన్నా రెండేళ్లు పెద్దది. మిషన్ బడిలో ఇంగ్లీషులో ఆమెను మించినవాళ్లు లేరు. పదిహేడో ఏట మెదడువాపు జ్వరం వచ్చింది. నలభై రోజులు దవాఖానలో ఉండి ప్రాణంతో ఇంటికి వచ్చింది, చెవులు మాత్రం అక్కడే వదిలేసి వచ్చింది. ఆ తర్వాత పెళ్లి మాట ఎత్తినవాళ్లను తానే సాగనంపింది. టైపు నేర్చుకుంది. కోర్టు ఎదుట ఒక వరండాలో మిషను పెట్టుకొని వకీళ్ల కాగితాలు కొట్టేది. వకీలు ఇంగ్లీషులో తప్పు రాస్తే దిద్ది మరీ కొట్టేది, ఆ దిద్దిన వాక్యాన్ని వకీలు తన సొంత తెలివి అనుకొని జడ్జి ముందు గట్టిగా చదివేవాడు. ఇంట్లోవాళ్లు ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదవులు చూసి మాట పట్టేది. తాను మాట్లాడితే మాత్రం గొంతు వీధి చివరిదాకా పోయేది. తన గొంతు ఎంత పెద్దదో ఆమెకు చెప్పే ధైర్యం ఎవరికీ లేదు.

అక్కకు చెవులు పోయిన ఏడాదే తమ్ముడు స్టేషన్ రోడ్డులో రేడియో మెకానిక్ దగ్గర పనిలో చేరాడు. చచ్చిన డబ్బాలను పలికించగలిగినవాడు బతికున్న అక్కకు ఏదో ఒకటి వినిపించలేడా అని ఆయనకు లోలోపల ఉండేది. పైకి ఎన్నడూ అనలేదు. డెబ్బై రెండులో మొదటిసారి సొంతంగా ఒక రేడియో బిగించినప్పుడు అక్క చెయ్యి తెచ్చి దాని మీద పెట్టాడు.

"దడదడ అంటాంది. చలిజరం వచ్చిన పిల్లి లెక్క" అంది లిదియా, చెయ్యి తీసేసుకుంటూ.

టీవీ వచ్చాక మరింత ఆశపడ్డాడు. ఇది వినేది కాదు, చూసేది కదా అనుకున్నాడు. అక్క ఒక్క పూట కూర్చుంది.

"నోర్లు ఆడిస్తాండ్రు. పెదవి ఒక తీరు, మాట ఒక తీరు. నడుమల ఈపు చూపిస్తరు. నీ డబ్బల నాకేం లేదు రా దానీ" అని లేచి వెళ్లిపోయింది. అప్పటి నుంచి ఇల్లంతా సినిమా చూస్తుంటే ఆమె వెనక గదిలో టైపు కొట్టుకునేది. ఆ టకటక వాడంతా వినేది. దానియేలుకు మాత్రం గుచ్చుకునేది. ఊరందరికీ నిండు బొమ్మ చూపించి ఏం లాభం, ఇంట్లో మనిషికి ఒక్కటి చూపించలేకపోయాక? ఒక్క సినిమా, మొదటి నుంచి చివరిదాకా, అక్క తన టీవీ ముందు కూర్చొని చూడాలి. ఆయనకున్న కోరిక అదొక్కటే.

ఎనభై ఎనిమిది ఎండాకాలంలో, ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పే రాజేశ్వర్ రావు ఒక కాసెట్‌తో దుకాణానికి వచ్చాడు. అమెరికాలో ఉన్న స్నేహితుడు పంపాడట. జపాన్‌వాళ్లు గీసిన బొమ్మల సినిమా. హనుమకొండలో కలర్ టీవీలు అమ్మే ఒక షోరూంలో వేసి చూస్తే బొమ్మ నిలవలేదు. కింది నుంచి పైకి ఉరుకుతూనే ఉంది. కాసెట్ చెడిపోయిందని వాళ్లు తేల్చేశారు.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టున్నది సార్" అన్నాడు దానియేలు, కాసెట్ మూత ఎత్తి టేపు చూస్తూ. "టేపు కడిగిన ముత్యం లెక్కున్నది. పెట్టిపోండ్రి. ఆదివారం ఇంటికొచ్చి తీస్కపోండ్రి."

"అయితదా మరి?"

"అయితదా అని నన్ను అడుగుతాండ్రా సార్?"

రాజేశ్వర్ రావు నోరు మూసుకొని వెళ్లిపోయాడు. అలా వెళ్లకపోతే ఆ కాసెట్ గురించి చెప్పవలసిన ముఖ్యమైన సంగతి ఒకటి చెప్పేవాడే. కాని తన పనితనం గురించి చెప్పుకుంటున్న దానియేలు ముందు నిలబడి ఇంకో సంగతి చెప్పడం అంత సులువు కాదు.

కాసెట్‌ను ఇంటికి తెచ్చి వేశాడు. బొమ్మ ఉరికింది. కొత్త రూపాయి నోటు స్పిరిట్‌లో ముంచి, వీడియోలో టేపును చదివే హెడ్డు తుడిచాడు. గుడ్డయితే నూలుపోగు వదులుతుంది, కొత్త నోటు వదలదని ఆయన సిద్ధాంతం. ఈసారి బొమ్మ శుభ్రంగా ఉరికింది. ట్రాకింగ్ సరిచేశాడు. గీతలు పోయాయి, ఉరుకుడు పోలేదు. రెండో రోజు ఆయన భార్య సారమ్మ వీడియో మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. ఆమె ప్రార్థనకు జ్వరాలు తగ్గిన ఇళ్లు ఆ వాడలో నాలుగైదున్నాయి. ఆమె కళ్లు తెరిచేసరికి బొమ్మ ఇంకా జోరుగా ఉరుకుతోంది.

"దీనికి మన భాష తెల్వదనుకుంట" అంది సారమ్మ, చెయ్యి తీసేస్తూ.

ఆ మాటతో దానియేలుకు వెలిగింది. ఆయన వీడియో గల్ఫ్ నుంచి వచ్చింది. దానికి వెనకాల ఒక చిన్న స్విచ్చి ఉంది. ఏ దేశం కాసెట్‌కు ఆ దేశం వైపు జరపాలని అమ్మినవాడు అప్పుడే చెప్పాడు. వరంగల్‌కు ఏ దేశం కాసెట్ వస్తుందిలే అని ఈయన దాన్ని వదిలేశాడు. మూడేళ్లుగా దాని మీద దుమ్ము తప్ప ఎవరి వేలూ పడలేదు. ఇప్పుడు జరిపాడు. బొమ్మలో వణుకు తగ్గింది, ఉరుకుడు ఇంకా ఉంది. జపాన్ బొమ్మ మన బొమ్మ కన్నా తొందరగా మారుతుంది. దాన్ని టీవీ పట్టుకోవాలి. కొత్త కలర్ టీవీలు అన్నీ వాటంతటవే చూసుకుంటాయని, అలా చేత్తో పట్టుకునే నాబు పెట్టడం మానేశారు. దానియేలు ఇంట్లోది పాత నలుపు తెలుపు డబ్బా. దానికి వెనక ఆ నాబు ఉంది. మెల్లగా తిప్పాడు. బొమ్మ రెండుసార్లు తూలి, నిలబడింది. హనుమకొండ షోరూం మొత్తం చేయలేని పని మట్టెవాడ పాత డబ్బా చేసింది. ఆ సాయంత్రం వాడలో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు, ఆయనే తిరిగి చెప్పాడు.

ఒక్కటే చిక్కు. ఎంత సాగదీసిన టీవీ అయినా ఈ జపాన్ బొమ్మ అందులో పొట్టిగా వచ్చింది. పైన రెండు వేళ్లు, కింద రెండు వేళ్లు తెర ఖాళీ. పైగా బొమ్మ అడుగున తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు. ఒక వరుస పోతే ఇంకో వరుస.

"జపానోళ్లు గూడ సబ్బులు అమ్ముతరా!" అని నవ్వుకున్నాడు దానియేలు. ఆయన ఇంగ్లీషు ట్రాన్సిస్టర్ల మీది నంబర్లు చదవడానికి సరిపోతుంది. ఈ అక్షరాలేమో చూస్తుండగానే మారిపోతున్నాయి. పట్టీ ఏ దేశానిదైనా పట్టీయే. మూత విప్పాడు, టెస్టర్ పెట్టాడు, తిప్పాడు. అక్షరాలు అద్దం కిందికి దిగిపోయాయి. తెర నిండింది.

అప్పుడే ఆయనకు ఇంకో ఆలోచన వచ్చింది. ఆదివారం ఆరాధన నుంచి వచ్చి, భోజనాలు కాగానే అక్క ఎదురుగా నిలబడ్డాడు.

"అక్కా, ఇయ్యాల నువ్వు సినిమా చూడాలె."

"నీకేం పనిలేదా రా?"

"జర ఇను. ఇది జపాను సినిమా. ఎవ్వలకు ఒక్క ముక్క సమజ్ కాదు. నాకు కాదు, సారమ్మకు కాదు, పక్కింటి మొగిలమ్మకు కాదు. అందరం నీ లెక్కనే కూసుంటం. ఏం ఫరక్ ఉండది."

లిదియా తమ్ముడి మొహంలోకి చూసింది. సినిమాకు రమ్మని పిలిచినవాళ్లు చాలామంది ఉంటారు గాని, అందరం నీలాగే చెవిటివాళ్లమవుతాం రమ్మని పిలిచినవాడు ఈయనొక్కడే. ఆమె నవ్వింది. వచ్చి ముందు కుర్చీలో కూర్చుంది. దానియేలుకు కాళ్లు నేల మీద ఆనలేదు.

కిటికీలకు దుప్పట్లు కట్టి కాసెట్ వేశాడు. ఒక పిల్ల ఇనుప ఏనుగు మీద ఎక్కి ఊరూరా తిరుగుతోంది. ఎందుకు తిరుగుతోందో తెలియదు. ఏనుగు దేవదూత అని సారమ్మ అంది. కాదు, అది పిల్లలనెత్తుకపోయే దొంగ అని మొగిలమ్మ అంది. ఇద్దరూ పందెం కూడా వేసుకునేవాళ్లే, ఇంతలో ఏనుగు నోరు తెరిచింది. అంత పెద్ద శరీరానికి అంత సన్నని ముక్కుగొంతు! గదిలో అందరూ పకపకా నవ్వారు. దానియేలు కూడా తనను తాను మరిచి నవ్వాడు.

లిదియా వెనక్కి తిరిగి అందరి మొహాలూ చూసింది.

"ఏం నవ్వుతాండ్రు?"

"ఏం లేదక్కా. ఏనుగు ముక్కుతోటి మాట్లాడుతాంది."

"అందరం ఒక్కటే అంటివి గదరా" అంది లిదియా. కోపంగా కూడా అనలేదు. లేచి చీర కుచ్చిళ్లు సర్దుకొని వెనక గదిలోకి వెళ్లిపోయింది. కొంచెం సేపటికి టైపు మిషను టకటక మొదలైంది. దానియేలు ఏడవలేదు గాని, ఏడిస్తేనే కొంత నయమనిపించింది. భాష తెలియకపోవడం, చెవి లేకపోవడం ఒకటి కాదని నలభైకి దగ్గరపడ్డ మనిషికి ఒక ఏనుగు చెప్పవలసి వచ్చింది.

అంతలో రాజేశ్వర్ రావు వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అరె! నిలబెట్టినవ్ కద దానియేల్! ఎట్ల చేసినవ్?" అని దగ్గరికి వచ్చి, వంగి తెర అంచు కేసి చూశాడు. "మరి కింద అక్షరాలేవి?"

"పట్టీనా సార్? తీసేసిన." ఎంత బాధలో ఉన్నా ఈ మాట దగ్గర దానియేలు గొంతు కొంచెం లేచింది.

"తీసేసినవా? అయ్యో, అవి ప్రకటనలు కావయ్యా. అవే మాటలు! సినిమాల ఎవరేం మాట్లాడినా ఇంగ్లీషుల కింద రాసి ఉంటది. జపాను భాష రానోళ్లు చూడాలెనని అమెరికాల స్టూడెంట్లు కొందరు ఇష్టంతోని కూసోని, కంప్యూటర్ మీద కొట్టి ఎక్కించిన్రు. వాళ్లకు పైస రాదు. అసలు నేను ఈ కాసెట్ తెప్పించుకున్నదే దాని కోసం."

దానియేలు టెస్టర్ చేతిలోకి తీసుకున్నాడు.

"ప్రతి మాట రాసి ఉంటదా సార్?"

"ప్రతి మాట."

"ఏనుగు మాటలు గూడనా?"

"ఏనుగే కద ఎక్కువ మాట్లాడేది."

దానియేలు టీవీ వెనక్కి వెళ్లి మూత విప్పాడు. ఎన్ని వందల డబ్బాల్లో ఆ మరను ఒక వైపే తిప్పాడో, రెండో వైపు తిప్పడం ఇదే మొదలు. బొమ్మ కుంచించుకుపోయింది. పైనా కిందా నల్లటి ఖాళీ వచ్చింది. అడుగున అక్షరాలు లేచాయి.

"గింత పొట్టిగ అయిందేంది దానేలూ? మంచిగుండె గద" అంది మొగిలమ్మ.

ఆయన వినిపించుకోలేదు. కాసెట్ వెనక్కి తిప్పి మొదటికి పెట్టి, వెనక గదిలోకి వెళ్లి టైపు మిషను మీద చెయ్యి అడ్డం పెట్టాడు. లిదియా తలెత్తింది.

"రాసి ఉన్నదక్కా. మాటలన్నీ రాసి ఉన్నయి."

"ఎవలు రాసిన్రు?"

"ఎవలో పోరగాండ్లు. అమెరికాల."

నమ్మకంతో రాలేదామె. తమ్ముడి మొహం చూసి జాలిపడి వచ్చింది. కుర్చీలో సగం మీదే కూర్చుంది, మళ్లీ లేవడానికి వీలుగా. మొదటి వరుస వచ్చింది. రెండోది వచ్చింది. మూడో వరుసకు ఆమె కళ్లజోడు సరిచేసుకొని కుర్చీ నిండా కూర్చుంది. వకీళ్ల రాత చదివి అలవాటైన కళ్లకు ఆ అక్షరాలు ఒక లెక్క కాదు. ఏనుగు నోరు తెరిచింది. ఈసారి గదిలో ముందుగా నవ్వింది లిదియా. మిగతావాళ్లు గొంతుకు నవ్వారు, ఆమె మాటకు నవ్వింది.

"ఏమన్నది వదినె? ఏమన్నది?" అని సారమ్మ ఆమె భుజం తట్టింది. లిదియా తెర మీది నుంచి చూపు తిప్పలేదు. అరచెయ్యి ఎత్తి, "ఆగుండ్రి, ఇంకా అయిపోలే" అని వాడంతా వినేలా అంది. వీలు దొరికినప్పుడు రెండు ముక్కలు చెప్పేది. ఏనుగు దేవదూతా కాదు, దొంగా కాదు. పిల్ల తండ్రి దాన్ని తయారుచేసి, పేరు పెట్టకుండానే పోయాడు. తన పేరేమిటో కనుక్కోవాలని అది తిరుగుతోంది. రాజేశ్వర్ రావు తప్ప చెవులున్నవాళ్లంతా లిదియా ఎప్పుడు నోరు తెరుస్తుందా అని నోళ్లు తెరుచుకొని కూర్చున్నారు. మధ్యలో ఒకచోట ఆమె చెప్పడం మానేసి కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఏమైందో ఎవరికీ తెలియలేదు. ఆమెను చూసి మొగిలమ్మ కూడా ఎందుకైనా మంచిదని ఏడ్చింది.

సినిమా అయిపోయింది. దానియేలు అక్క ఎదురుగా వచ్చి, ఇన్నాళ్లు ఊరందరినీ అడిగిన ప్రశ్నే అడిగాడు.

"బొమ్మ ఎట్లున్నదక్కా?"

"బొమ్మ ఎవలు చూసిన్రు రా. మాటలు ఇనుడే సరిపాయె" అంది లిదియా. ఆమె మొహం ఇరవై ఏళ్లు వెనక్కి పోయినట్టుంది. "ఇసొంటియి ఇంకేమన్న ఉన్నయా? సార్‌ను అడుగు."

అడగనక్కర లేకపోయింది. ఆమె గొంతు గుమ్మం దాటి పోయింది కదా. రాజేశ్వర్ రావు కాసెట్ పెట్టెలో పెట్టుకుంటూ, "దీనికే ఇంత సంబురమా? దూరదర్శన్‌ల ఆదివారం మధ్యాహ్నం వేరే భాషల సినిమాలు వస్తయి కద. వాటి కింద గూడ ఇట్లనే ఇంగ్లీషుల వేస్తరు. రెండు మూడేండ్ల సంది వస్తనే ఉన్నయి. మీరు చూడలేదా?" అన్నాడు.

చూడలేదు. బెంగాలీ సినిమా, మలయాళం సినిమా మనకెందుకని ఆ వేళకు ఇంట్లో టీవీ కట్టేసి పడుకునేవాళ్లు. ఒకటి రెండుసార్లు కట్టేయడం మరిచిపోయినా ఏ అక్షరమూ కనిపించలేదు. ఎలా కనిపిస్తుంది? నిండు బొమ్మ కదా. దానియేలుకు చెవులు గుయ్యిమన్నాయి. మూడేళ్లు. వారానికొకటి.

"ఏమంటాండు రా?" అని లిదియా అడిగింది.

ఇలాంటి మాట ఎవరైనా తల వంచుకొని, గోడ కేసి చూస్తూ గొణిగేస్తారు. దానియేలుకు ఆ వీలు లేదు. అక్కకు ఏది చెప్పాలన్నా తలెత్తి, మొహం వెలుతురులో పెట్టి, పెదవులు విడివిడిగా కదిపి చెప్పాలి. కిటికీకి కట్టిన దుప్పటి తీసేసి, వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

"ఉన్నయక్కా. మన టీవీలనే ఉండె. ప్రతి ఆదివారం వచ్చినయి. నేనే కిందికి నూకిన."

లిదియా ఆయన పెదవుల కేసి చూసింది.

"సమజ్ కాలే. మళ్ల చెప్పు."

చెప్పాడు.

"మెల్లగ చెప్పు రా. సమజ్ కాలే."

మూడోసారి చెప్పేటప్పుడు దానియేలు కళ్ల వెంట నీళ్లు కారాయి. అప్పుడు లిదియా తలాడించి, "సరే, వచ్చే ఆదివారం పెట్టు" అంది.

వదినెకు మొదటిసారే సమజ్ అయిందని సారమ్మ ఆ తర్వాత మొగుడితో అంది. దానియేలుకు ఆ సంగతి అప్పుడే తెలుసు. తెలిసే మూడుసార్లు చెప్పాడు.